పొదుగువాపు: రాకుండా చూసుకోవడం, వస్తే చన్ను పోకుండా కాపాడుకోవడం

పొద్దున పితకడానికి కూర్చుంటే గేదె కాలు ఎత్తి తన్నబోయిందనుకోండి. ముందు ఈగల్ని తిట్టుకుంటాం, తర్వాత దూడని, ఆ తర్వాత గేదె పొగరుని. నేనూ అంతే చేశాను. రెండో ఈత ముర్రా జాతి గేదె, ఈని మూడు వారాలు. కుడివైపు వెనక చన్ను ముట్టుకుంటే చాలు, కాలు లేపేది. రెండు రోజులు కాళ్ళకు బంధం వేసి పితికాను. మూడో రోజు ఆ చన్నులోంచి విరిగిన పెరుగు తరకల్లాంటివి వచ్చాయి. ఇంట్లో పెద్దావిడ దిష్టి తగిలిందని నిమ్మకాయ, ఎండుమిరపకాయలు తిప్పి పారేసింది. నేను డాక్టరుగారిని పిలిచి రెండు రోజులు ఇంజక్షన్లు వేయించాను. వాపు తీసేసింది. ఐదు రోజులు వేయించాలని ఆయన చెప్పినా మూడో రోజు ఫోన్ చేయలేదు. రెండు వారాలు తిరక్కముందే అదే చన్ను రాయిలా గట్టిపడింది. ఆ గేదె తర్వాత ఇంకో మూడు ఈతలు ఈనింది గానీ ఆ చన్నులోంచి చుక్క రాలేదు.

పొదుగువాపుకు మందులు దొరక్క చన్ను పోవడం తక్కువ. ఆలస్యంగా చూడటం వల్ల, మధ్యలో ఆపేయడం వల్ల పోయేవే ఎక్కువ. మీ పాకలో రెండు గేదెలున్నా, ఇరవై హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) ఆవులున్నా చేయాల్సిన పనులు ఇవే.

జబ్బు ఎటునుంచి వస్తుంది

పొదుగు బయటికి ఒకటిగా కనిపించినా లోపల నాలుగు గదులు. ఒక గది పాలు ఇంకో గదిలోకి పోవు. అందుకే ఒక చన్ను చెడినా మిగతా మూడూ మామూలుగా పాలిస్తాయి, మనకు అనుమానం రాదు. క్రిమి లోపలికి వెళ్ళే దారి చనుమొన మీది రంధ్రమే. పితికిన తర్వాత ఆ రంధ్రం వెంటనే మూసుకోదు, అరగంట నుంచి గంట దాకా తెరిచే ఉంటుంది. ఆ సమయంలో గేదె పేడలో పడుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

క్రిములు రెండు రకాలనుకోండి. ఒకటి పితికే చేతుల వెంట, తుడిచే గుడ్డ వెంట ఒక పశువు నుంచి ఇంకోదానికి పాకేవి. స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ జాతులు ఎక్కువగా ఈ కోవలోవి. ఇవి నెలల తరబడి పైకి కనపడకుండా లోపలే ఉండి పాలు తగ్గిస్తాయి. రెండోది పేడ, బురద, మురికినీళ్ళ నుంచి వచ్చే ఈ.కోలి లాంటివి. ఇవి దాగవు. పొద్దున బాగున్న ఆవు సాయంత్రానికి నీళ్ళలాంటి పాలిచ్చి, మేత మానేసి కూలబడుతుంది.

గేదె చనుమొన బిగువుగా ఉంటుంది కాబట్టి సంకర జాతి ఆవులకు వచ్చినంత తరచుగా గేదెలకు రాదు. ఆ ధైర్యంతోనే గేదెల రైతులం అశ్రద్ధ చేస్తాం.

ముందు చూడటం నేర్చుకోండి

నల్లరంగు స్టీలు మూతో, నల్ల టైలు ముక్కో ఒకటి పాకలో పెట్టుకోండి. దూడను వదిలి, గేదె చేపాక (పాలు చన్నుల్లోకి దిగాక), ఒక్కో చన్ను నుంచి మొదటి మూడు నాలుగు ధారలు దాని మీద పిండండి. తెల్లటి తరకలు, పసుపు చీము, నెత్తుటి జీర, నీళ్ళలాంటి పల్చదనం ఏది ఉన్నా నలుపు మీద ఇట్టే తెలుస్తుంది. ఆ ధారల్ని నేల మీద పిండకండి, అరచేతిలో పిండి చూడకండి. నేల మీద పడితే పాకంతా, చేతిలో పడితే మిగతా మూడు చన్నులకూ అంటించినట్టే. రోజుకు రెండు పూటలా రెండేసి నిమిషాల పని.

పైకి కనపడని జబ్బును పట్టడానికి బట్టల సర్ఫు చాలు. అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో 15 గ్రాముల పొడి కరగనివ్వండి. నాలుగు తెల్ల గిన్నెలు తీసుకుని, మొదటి ధారలు పారేశాక ఒక్కో చన్ను పాలు ఒక్కో గిన్నెలో రెండు చెంచాలు పిండండి. అంతే కొలత సర్ఫు నీళ్ళు పోసి అర నిమిషం గుండ్రంగా తిప్పండి. మంచి పాలైతే నీళ్ళలాగే తిరుగుతాయి. జబ్బు పాలైతే కోడిగుడ్డు తెల్లసొనలా చిక్కబడి, వంచితే జారుతూ ముద్దగా కదులుతాయి. జబ్బుతో పోరాడటానికి పొదుగులోకి చేరిన తెల్లకణాలు సబ్బుకు పగిలి, వాటి లోపలి పదార్థం జిగురవుతుంది. కణాలు ఎంత ఎక్కువైతే జిగురు అంత ఎక్కువ. ఏ చన్ను గిన్నె ఏదో గుర్తు తప్పకుండా కుడి ముందు, కుడి వెనక అని గిన్నెలకే రాసి పెట్టుకోండి. మొదటిసారి నేను నాలుగూ కలిపేసుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

ఈ పరీక్ష నెలకోసారి చేస్తే చాలు. ఈనిన మొదటి వారంలో జున్నుపాల మీద చేయకండి. వట్టిపోయే ముందు ఒకటి రెండు లీటర్లకు దిగిన పాల మీదా చేయకండి. అప్పుడు జబ్బు లేకపోయినా చిక్కబడతాయి.

మా పాతవాళ్ళు పాలు నాలుక మీద వేసుకుని 'ఉప్పదేలాయి' అనేవారు. మాట నిజమే, పొదుగు చెడినప్పుడు పాలలోకి ఉప్పు ఎక్కువగా దిగుతుంది. అయినా పచ్చిపాలు రుచి చూసే అలవాటు మానుకోండి. బ్రూసెల్లా, క్షయ లాంటివి పచ్చిపాల నుంచి మనుషులకు వస్తాయి. ఇంట్లో కాచేటప్పుడు పాలు మాటిమాటికీ విరుగుతుంటే, మీగడ పల్చబడితే ఆ రోజే సర్ఫు పరీక్ష పెట్టండి.

పితికే పద్ధతి

చేతులకు గోళ్ళు ఉండకూడదు. ప్రతి పశువుకూ ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. 'ప్రతి పశువుకూనా?' అంటారు పితికేవాళ్ళు. అవును, ప్రతిదానికీ.

పొదుగంతా నీళ్ళు గుమ్మరించకండి. పై నుంచి జారిన మురికినీళ్ళన్నీ చనుమొన దగ్గరికే చేరతాయి. చన్నుల్ని మాత్రం శుభ్రమైన నీళ్ళతో, లేత గులాబీ రంగు వచ్చేలా చిటికెడు పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్ళయితే మరీ మంచిది, కడిగి పూర్తిగా తుడవండి. తడి చేత్తో, తడి చన్నుతో పితకడం అంటే క్రిముల్ని రంధ్రం దాకా మనమే తోడుకెళ్ళడం.

తుడిచే గుడ్డ దగ్గరే చాలా పాకల్లో కొంప మునుగుతుంది. దూలానికి వేలాడుతూ ఒకే గుడ్డ, పొద్దున అదే, సాయంత్రం అదే, అన్ని గేదెలకూ అదే. పశువుకొక గుడ్డ పెట్టండి. పాత నూలు చీర చింపితే ఇరవై ముక్కలొస్తాయి. రోజూ మరిగే నీళ్ళలో వేసి ఎండలో ఆరేయండి.

బొటనవేలు మడిచి, ఆ కణుపుతో చన్నును నొక్కి లాగే అలవాటు మన పల్లెల్లో ఎక్కువ. పాలు తొందరగా వస్తాయి, నిజమే. కానీ లోపలి మెత్తటి పొర నలిగి గాయమై క్రిమికి చోటిస్తుంది. నిండు పిడికిలితో, పై నుంచి కిందికి ఒక్కో వేలూ బిగిస్తూ పితకాలి. అలవాటైన చేతికి మారడానికి పది రోజులు పడుతుంది, ముంజేతులు నొప్పెడతాయి. ఇంకో పాడు అలవాటు, నురగలో వేళ్ళు ముంచి చన్నుకు రాసి పితకడం. జారుడు కావాలంటే చేపు బాగా వచ్చేదాకా ఆగండి.

వరస కూడా ముఖ్యం. తొలిచూలు పడ్డల్నీ పెయ్యల్నీ ముందు పితకాలి. తర్వాత పెద్దవి, జబ్బు ఉన్నది ఆఖర్న. ఆ పశువులోనూ మంచి చన్నులు ముందు, చెడ్డది చివర. మిషనుతో పితికేవాళ్ళు చన్నుకు తగిలించే రబ్బరు గొట్టాల్ని (లైనర్లను) పగుళ్ళు రాకముందే మార్చుకోండి, పాలు అయిపోయాక మిషను అలా వదిలేయకండి.

దూడ తాగకుండా చన్నులకు పేడ పూసే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. దయచేసి మానేయండి. దూడను విడిగా కట్టేయడానికి ఒక గుంజ, ఒక తాడు చాలు.

పితికాక అరగంట

ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఈ పని చేయండి.

మందుల షాపులో 5 శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణం దొరుకుతుంది. ఆరు పాళ్ళు అది, ఒక పాలు గ్లిజరిన్ కలిపి చిన్న ప్లాస్టిక్ కప్పులో పోసుకోండి. గ్లిజరిన్ లేకపోతే చన్ను చర్మం ఎండి పగులుతుంది. పితకడం అవ్వగానే ఒక్కో చన్నునూ కప్పులో సగానికి పైగా మునిగేలా ముంచి తీయండి. చనుమొన చివర గోధుమరంగు చుక్క వేలాడాలి. అప్పుడే రంధ్రం దాకా మందు అందినట్టు. కప్పులో పేడ రేణువు పడితే ఆ మందు పారబోసి కొత్తది పోయండి. మిగిలిన మందును రేపటికని సీసాలో తిరిగి పోయకండి. మరుపూట పితికే ముందు చన్నుల్ని కడిగి తుడవడం మరవకండి, అయోడిన్ పాలలో దిగకూడదు.

తర్వాత గాడిలో పచ్చిగడ్డి వేయండి. చాలామంది దాణా ముందు పెట్టి పితుకుతారు, పని కాగానే గేదె పడుకుంటుంది. దాణాలో సగం చేపుకు వాడుకున్నా, మేత మాత్రం పితికాకే పెట్టండి. తింటూ నిలబడితే ఆ అరగంట, ముప్పావుగంట గడిచిపోతుంది. గేదెల్ని పితకగానే చెరువుకు తోలే అలవాటున్నవాళ్ళకు మరీ మరీ చెబుతున్నాను, గంట ఆగి తోలండి. తెరిచిన చన్నులతో బురదనీళ్ళలో దిగితే కప్పులో ముంచిన మందు ఏపాటి?

పాక

వానాకాలం పాక నేల తడి ఆరదు, ఈ.కోలికి అదే కాలం. పేడ రోజుకు రెండుసార్లు ఎత్తితే చాలదు, పడ్డప్పుడల్లా పక్కకు లాగాలి. మూత్రం పోయే కాలువకు వాలు ఉండాలి. వారానికోసారి నేల కడిగి, ఆరాక పొడి సున్నం చల్లండి. పడుకునే చోట ఇసుక పోస్తే తడి త్వరగా పీలుస్తుంది. కుళ్ళిన వరిగడ్డి పరుపు వద్దు. ఈగలకు వేపాకు పొగ కొంత పనిచేస్తుంది గానీ పేడ దిబ్బ పాక గుమ్మంలోనే ఉంటే ఎంత పొగ వేసినా దండగ.

నోటికీ గిట్టలకీ పుండ్లు పడే గాలికుంటు జబ్బు వచ్చిన పశువుకు చన్నుల మీదా బొబ్బలొస్తాయి, అవి పగిలి పొదుగువాపు వెంటనే పట్టుకుంటుంది. కాబట్టి ఆర్నెల్లకోసారి గాలికుంటు టీకా తప్పించుకోకండి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద ఇది ఉచితం. 4 నుంచి 8 నెలల ఆడ దూడలకు జీవితంలో ఒక్కసారి వేసే బ్రూసెల్లా టీకా కూడా దాని కిందే ఇస్తారు. పాడి పశువుకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. ఒంట్లో సత్తువ ఉన్న పశువు పొదుగు క్రిమిని తనే కొంత తట్టుకుంటుంది.

వాపు వచ్చేసింది, ఇప్పుడేం చేయాలి

మొదట థర్మామీటరు. మలద్వారంలో, లోపలి గోడకు ఆనేలా రెండు నిమిషాలు ఉంచండి, పశువు నీడలో ఉండాలి. 101, 102 ఫారెన్‌హీటు మామూలు. 103 దాటితే జ్వరం. ఫోన్ చేసేటప్పుడు ఈ అంకె, ఏ చన్ను, పాలు ఎలా ఉన్నాయి, ఈని ఎన్ని రోజులు అనే నాలుగు ముక్కలు చెబితే డాక్టరుకు సగం పని అయిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనానికి నంబరు 1962.

ఈ లక్షణాలుంటే తెల్లారేదాకా ఆగకండి: పాలు టీ నీళ్ళలా మారడం, పశువు లేవలేకపోవడం, కళ్ళు గుంటలు పడటం, చన్ను చల్లబడి నీలంగా మారడం. చన్ను చల్లబడితే వాపు తగ్గిందని సంబరపడేవాళ్ళను చూశాను. అది కుళ్ళు మొదలైన గుర్తు.

డాక్టరు వచ్చేలోపు ఆ చన్నును రెండు మూడు గంటలకోసారి పూర్తిగా పిండేయండి. క్రిములు, వాటి విషం బయటికి పోతాయి. పిండిన పాలు పాకలో పోయకండి, దూడకు పట్టకండి. దూరంగా గొయ్యిలో బ్లీచింగ్ పొడి వేసి పోయండి. పొదుగు కాలుతున్నట్టు వేడిగా ఉంటే చల్లటి నీళ్ళలో తడిపిన గోనె పట్టండి. వేడి కాపడం పాతబడి గట్టిపడ్డ పొదుగుకు, అదీ డాక్టరు చెబితేనే. వాతలు పెట్టించడం మాత్రం ఎప్పుడూ వద్దు.

మందు మొదలుపెట్టకముందే పాల నమూనా తీయించండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. చనుమొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, మరిగించి ఆరబెట్టిన చిన్న సీసాలో పట్టి, ఐసు పెట్టెలో అదే రోజు జిల్లా పశువ్యాధి నిర్ధారణ కేంద్రానికో, దగ్గరలోని పశువైద్య కళాశాలకో పంపాలి. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్, కోరుట్ల లాంటి చోట్ల కళాశాలలున్నాయి. ఏ మందుకు క్రిమి లొంగుతుందో అక్కడ తేల్చి చెబుతారు. ఫలితం వచ్చేలోపు డాక్టరు తన అనుభవం కొద్దీ మొదలుపెడతారు, తర్వాత అవసరమైతే మారుస్తారు. ఒక ఆంటీబయాటిక్ పనిచేయలేదని షాపువాడు ఇచ్చిన ఇంకోటి, అదీ కాదని పక్కింటాయన చెప్పిన మూడోది వేస్తూ పోతే ఆఖరికి ఏ మందుకూ లొంగని క్రిమిని మనమే పెంచినవాళ్ళమవుతాం.

నొప్పికి డైక్లోఫెనాక్ ఎవరైనా వేస్తానంటే ఒప్పుకోకండి. ఆ మందు తిన్న పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోయాయని 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. మెలోక్సికామ్ ఉంది, డాక్టరు అదే రాస్తారు.

చన్నులోకి ఎక్కించే ట్యూబు మందు మీరే వేయాల్సి వస్తే ఇలా. చన్ను పూర్తిగా పిండండి. చనుమొనను స్పిరిట్ దూదితో, దూది మీద మురికి అంటనిదాకా తుడవండి. ట్యూబు ముక్కును రెండు మూడు మిల్లీమీటర్లు మించి లోపలికి తోయకండి. మొత్తం దూరిస్తే బయటి క్రిమిని లోపలికి నెట్టినట్టే. మందు మెల్లగా వదిలి, చనుమొన మూసి పట్టి, పైకి నిమరండి. చివర అయోడిన్ కప్పులో ముంచండి. నాలుగు చన్నులకూ వేయాలంటే తుడవడం దూరంగా ఉన్నవి ముందు, దగ్గరవి తర్వాత. మందు ఎక్కించడం మాత్రం దగ్గరవి ముందు. అలాగైతే తుడిచిన చన్నుకు మీ చేయి తగలదు.

డాక్టరు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులూ వేయాలి. రెండో రోజే పాలు తెల్లబడతాయి. నేను అక్కడే పడ్డాను.

మందు వేసిన రోజు నుంచి నాలుగు చన్నుల పాలూ పాలకేంద్రానికి పోయకూడదు, ఇంట్లో వాడకూడదు. మందు రక్తం ద్వారా మంచి చన్నుల్లోకీ దిగుతుంది. ఎన్ని గంటలు ఆపాలో ట్యూబు మీద, సీసా మీద రాసి ఉంటుంది. ఆఖరి మోతాదు తర్వాత 72 గంటలని చాలావాటి మీద ఉంటుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. కాచినంత మాత్రాన మందు పూర్తిగా పోదు. ఆ పాలు తోడు పెట్టి చూడండి, పెరుగు సరిగా తోడుకోదు, తోడులోని మంచి క్రిములూ చస్తాయి కాబట్టి. పెన్సిలిన్ పడనివాళ్ళకు ఆ పాలు ప్రమాదం కూడా.

కలబంద, పసుపు, సున్నం

ఈ ముద్ద గురించి అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి కొలతలు చెబుతాను. కలబంద మట్ట 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలం సున్నం 15 గ్రాములు కలిపి మెత్తగా రుబ్బండి. ఒక గుప్పెడు ముద్దను నీళ్ళతో పల్చన చేసి, పొదుగు కడిగి, పిండేసి, మొత్తం పొదుగుకు పట్టించండి. రోజుకు ఎనిమిది, పదిసార్లు, ఐదు రోజులు. రోజూ రెండు నిమ్మకాయలు కోసి తినిపించాలి. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయంలో పనిచేసిన పుణ్యమూర్తిగారు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు, జాతీయ పాడి అభివృద్ధి మండలి కూడా రైతులకు చెబుతోంది. జ్వరం లేని, తొలి దశ వాపుకు ఇది నా పాకలో పనికొచ్చింది. జ్వరం ఉన్నా, పాలు నీళ్ళైనా దీన్నే నమ్ముకుని కూర్చోకండి, డాక్టరు మందుతో పాటు పూసుకోవచ్చు.

వట్టి కట్టేటప్పుడు

ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఆపాలి. ఆఖరి పితుకుడు తర్వాత పాలు పొదుగులోనే నిలిచిపోతాయి, అందుకే ఆ మొదటి రెండు వారాలు, మళ్ళీ ఈనిన మొదటి నెల, పొదుగువాపుకు అనువైన రోజులు. దాణా తగ్గించి, పాలు దిగాక ఆపేయండి. పూట మార్చి పూట నెలంతా లాగకండి. ఈ ఈతలో ఒక్కసారైనా వాపు వచ్చిన పశువుకు ఆఖరి రోజు వట్టి కాలపు ట్యూబులు నాలుగు చన్నులకూ వేయించండి. ఇవి పాలిచ్చేటప్పుడు వేసే ట్యూబులు కావు, డాక్టరే రాయాలి, తేదీ గోడ మీద రాసుకోండి. ట్యూబు వేశాక మళ్ళీ పితికి చూడకండి, మందు బయటికి వచ్చేస్తుంది. పై నుంచి చేత్తో తడిమి చూస్తే చాలు. మొదటి పది రోజులు అయోడిన్ కప్పు మానకండి. ఈనిన వారం దాటాక జున్నుపాలు పోయి మామూలు పాలు పడగానే, నాలుగు గిన్నెలు, సర్ఫు నీళ్ళు మళ్ళీ బయటికి తీయండి.